నిలువు తోట (ఇంటిలోపల)

నిలువు తోట అనగా మొక్కలను నేలమీద వరుసలుగా నాటుటకు బదులు, గోడను గాని, గోడ ప్రక్కన నిలిపిన చట్రమును గాని ఆధారముగా చేసుకొని, ఒకదానిపై ఒకటిగా నిలువునా పెంచు పద్ధతి. దీనిని వర్టికల్ గార్డెన్, గ్రీన్ వాల్, లివింగ్ వాల్ అను ఆంగ్ల పేర్లతో కూడా పిలుస్తారు. పెరడు లేని ఇండ్లలో, అంతస్తుల గృహములలో తక్కువ స్థలములో ఎక్కువ మొక్కలు పెంచుటకు ఇది అనుకూలమైనది. భవనముల వెలుపలి గోడలకు పెంచు తోటలు వేరు, ఇంటిలోపల పెంచు తోటలు వేరు. ఈ వ్యాసము ముఖ్యముగా ఇంటిలోపలి తోటలను గురించినది. నిజామాబాదు జిల్లాలోని రెంజల్, బోధన్ ప్రాంతముల వాతావరణమును, నేలను, నీటిని ఉదాహరణగా తీసుకొని వివరించబడినది.

ఇంటిలోపలి నిలువు తోట నిలుచుటకు మూడు విషయములు ఆధారము: తగినంత వెలుతురు, క్రమము తప్పని నీరు, గోడకు చెమ్మ తగలని అమరిక. ఈ మూడింటిలో ఏది లోపించినను, ఎంత ఖర్చు పెట్టిన తోట అయినను ఒకటి రెండు ఋతువులలో పాడగును. అందువలన మొక్కలు కొనుటకు ముందే ఈ మూడింటిని పరిశీలించవలెను.

రకములు

* తీగల గోడ: వేరు క్రింద కుండీలో గాని, నేలలో గాని ఉండును. తీగ మాత్రమే జాలీ మీదుగా, దారముల మీదుగా పైకి ప్రాకును. ఇది అన్నిటికంటె సులభమైనది.
* కుండీల చట్రము: మెట్లు మెట్లుగా గాని, అరలు అరలుగా గాని ఉన్న చట్రములో చిన్న కుండీలను అమర్చుట. ఒక మొక్క చెడినచో ఆ కుండీని మాత్రమే మార్చవచ్చును.
* సంచుల తోట: గుడ్డతో గాని, ప్లాస్టిక్ దారముతో గాని కుట్టిన జేబులవంటి సంచులలో మట్టి నింపి మొక్కలు నాటుట.
* ఫెల్ట్ గోడ: మట్టి లేకుండా, మందపు ఫెల్ట్ గుడ్డ పొరలలో వేళ్ళు ప్రాకునట్లు చేసి, పంపు ద్వారా పోషకములు కలిపిన నీటిని పైనుండి జార్చుట.
* వ్రేలాడు తోట: పైకప్పు కొక్కెములకు గాని, కిటికీ పైకమ్మికి గాని ఒక త్రాటికి రెండు మూడు కుండీలను ఒకదాని క్రింద ఒకటిగా వ్రేలాడదీయుట.

చరిత్ర

ప్రాచీన ప్రపంచ వింతలలో ఒకటిగా చెప్పబడు బాబిలోన్ వ్రేలాడు తోటలను నిలువు తోటలకు మూలముగా పలువురు పేర్కొంటారు. అయితే గ్రీకు, రోమను రచయితల వర్ణనలను బట్టి అవి మెట్లు మెట్లుగా కట్టిన మిద్దెలపై పెంచిన తోటలు. గోడకు పెంచినవి కావు. అవి నిజముగా ఉండెనా అను విషయమున కూడా చరిత్రకారులలో భిన్నాభిప్రాయములు కలవు.

ఆధునిక నిలువు తోటకు తొలి రూపమును అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయములో ఉద్యానరూపకల్పన ఆచార్యుడైన స్టాన్లీ హార్ట్ వైట్ ఇచ్చెను. మొక్కలను ధరించు నిలువు కట్టడమునకు ఆయన 1938లో పేటెంటు పొందెను. కాని ఆ ఆలోచన ఆనాడు ప్రచారము పొందలేదు. తరువాత ఫ్రాన్సు దేశపు వృక్షశాస్త్రవేత్త పాట్రిక్ బ్లాన్ ఉష్ణమండల అడవులలో కొండచరియల మీద, జలపాతముల ప్రక్క రాళ్ళ మీద, మట్టి దాదాపు లేకనే పెరుగు మొక్కలను పరిశీలించి, ఫెల్ట్ గోడ పద్ధతిని రూపొందించెను. ఆయన పద్ధతిలో లోహపు చట్రము, దానిపై సుమారు 1 సెంటీమీటరు మందము గల ప్లాస్టిక్ పలక, దానిపై ఫెల్ట్ పొరలు ఉండును. ప్యారిస్‌లో 2006లో ప్రారంభమైన కే బ్రాన్లీ సంగ్రహాలయపు వెలుపలి గోడకు ఆయన ఏర్పరచిన తోట సుమారు 800 చదరపు మీటర్ల విస్తీర్ణములో, దాదాపు 15 వేల మొక్కలతో ప్రసిద్ధి పొందినది. స్పెయిన్ రాజధాని మాడ్రిడ్‌లో 2007 నాటి కైషాఫోరమ్ గోడ కూడా ఆయన రూపొందించినదే.

భారతదేశమున బెంగుళూరు, హైదరాబాదు వంటి నగరములలో ఫ్లైఓవర్ల స్తంభములకు, కార్యాలయముల గోడలకు ఇట్టి తోటలు ఏర్పరచబడినవి. తెలుగువారిలో మేడమీద కూరగాయలు పెంచు అలవాటుకు మిద్దెతోట, ఇంటిపంట అను పేర్లు వాడుకలోనికి వచ్చినవి. కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి మిద్దెతోటలకు విస్తృత ప్రచారము కల్పించిన వారిలో ఒకరు. మిద్దెతోటకు ఎండ పుష్కలముగా దొరకును. ఇంటిలోపలి నిలువు తోటకు దొరకదు. ఈ రెండింటికి గల ముఖ్యమైన భేదమిదియే. మిద్దెతోటకు చెప్పు సలహాలను యథాతథముగా ఇంటిలోపల పాటించుట వలననే పలువురి ప్రయత్నములు విఫలమగుచున్నవి.

తెలుగు ఇండ్లలో పోలికలు

పేరు క్రొత్తదైనను, స్థలము కలిసివచ్చునట్లు వస్తువులను నిలువునా అమర్చుట మన ఇండ్లకు క్రొత్త కాదు. పాలు, పెరుగు కుండలను ఒకదానిపై ఒకటిగా ఉంచిన ఉట్టి, గోడలో దీపమునకు వదలిన గూడు, వాకిట సొరతీగకు, బీరతీగకు వేసిన పందిరి ఇందుకు ఉదాహరణములు. సీసాలో నీరు పోసి మనీప్లాంటు తీగను ఉంచి, గోడ మేకుల మీదుగా గది చుట్టు ప్రాకించుట గత కొన్ని దశాబ్దములుగా అనేక ఇండ్లలో కనిపించునదే. ఉట్టి అల్లిక తెలిసినవారు నేటికిని కొబ్బరి త్రాటితో కుండీలకు చక్కని ఆధారమును అల్లగలరు.

రెంజల్ ప్రాంత పరిస్థితులు

రెంజల్ నిజామాబాదు జిల్లాలో బోధన్‌కు సమీపమున గల మండల కేంద్రము. గోదావరి, మంజీర, హరిద్రా నదుల సంగమస్థలమైన కందకుర్తి ఈ మండలములోనిదే. ఈ ప్రాంతమున ఇంటిలోపల మొక్కలు పెంచువారు గమనించవలసిన విషయములు నాలుగు కలవు.

* వేడి: వేసవిలో పగటి ఉష్ణోగ్రత 45 డిగ్రీల సెల్సియస్‌కు చేరు రోజులుండును. గాలిలో తేమ చాల తగ్గును. ఉష్ణమండల అడవులకు చెందిన ఫెర్నుల వంటి మొక్కలకు ఈ పొడిగాలి ఎండకంటె ఎక్కువ హాని చేయును.
* వాన: వర్షములో అధికభాగము జూన్ నుండి సెప్టెంబరు వరకు నైరుతి ఋతుపవనముల వలన కురియును. ఆ నెలలలో గోడలు ఆరవు. కుండీలలో నీరు నిలిచి వేళ్ళు కుళ్ళును.
* నేల: ఈ ప్రాంతమున నల్లరేగడి విస్తారముగా కలదు. చెరకుకు, వరికి మేలైన ఈ మట్టి కుండీకి పనికిరాదు. తడిసినచో ఉబ్బి గాలి చొరనీయదు. ఎండినచో బిగిసి బీటలువారి, పోసిన నీరు అంచుల వెంట జారిపోవును.
* నీరు: తెలంగాణలో పలు ప్రాంతముల బోరు నీటిలో లవణములు, కొన్ని చోట్ల ఫ్లోరైడు అధికముగా ఉండును. వీటి ప్రభావము క్రింద వివరించబడినది.

వెలుతురు

మొక్కకు ఆహారము వెలుతురే. ఎండలో ఆరుబయట వెలుతురు సుమారు 1 లక్ష లక్సులు ఉండగా, కిటికీ ప్రక్క కొన్ని వేల లక్సులకు మించదు. కిటికీకి 2, 3 మీటర్ల దూరమున కొన్ని వందల లక్సులే ఉండును. మన కన్ను తక్కువ వెలుతురుకు తొందరగా అలవాటుపడును గనుక గది వెలుగుగా ఉన్నట్లు తోచును గాని, మొక్కకు అది చీకటివంటిదే.

పరికరము లేకుండ వెలుతురును అంచనా వేయుటకు ఒక సులభమైన ఉపాయము కలదు. మధ్యాహ్నము 12 గంటలకు తోట పెట్టదలచిన చోట తెల్లకాగితముంచి, దానికి ఒక అడుగు ఎత్తున చేయి చాపవలెను. నీడ స్పష్టముగా వేళ్ళతో సహా కనిపించినచో అనేక రకముల మొక్కలు పెరుగును. నీడ మసకగా ఉన్నచో నీడకు ఓర్చు మొక్కలే పెరుగును. నీడయే కనిపించనిచో ఆ గోడ తోటకు తగదు.

దిక్కును బట్టి కూడా వెలుతురు మారును. తూర్పు కిటికీకి ఉదయపు లేత ఎండ వచ్చును. ఇది అన్నిటికంటె శ్రేష్ఠము. పడమటి కిటికీకి ఏప్రిల్, మే నెలలలో సాయంకాలపు ఎండ తగిలి ఆకులు మాడును. పలుచని తెర అవసరము. దక్షిణపు కిటికీలోనికి చలికాలమున ఎండ లోతుగా వచ్చును. రెంజల్ సుమారు 18.7 డిగ్రీల ఉత్తర అక్షాంశమున ఉన్నది గనుక, మే మూడవ వారము నుండి జూలై చివరి వరకు మధ్యాహ్న సూర్యుడు నడినెత్తికి కొంచెము ఉత్తరముగా ఉండును. మిగిలిన కాలమున ఉత్తరపు కిటికీకి ఎండ తగలని మృదువైన వెలుతురు వచ్చును.

వెలుతురు చాలని చోట ఎల్‌ఈడీ దీపములను వాడవచ్చును. 20 వాట్ల ట్యూబులు రెండింటిని రోజుకు 12 గంటలు వెలిగించినచో నెలకు సుమారు 14 యూనిట్ల విద్యుత్తు ఖర్చగును. దీపమును మొక్కలకు ఒకటి, ఒకటిన్నర అడుగుల దూరములో ఉంచవలెను. పైకప్పుకు బిగించినచో ప్రయోజనము స్వల్పము.

చట్రము, బరువు

అరలు గల చట్రమును ఉదాహరణగా తీసుకొనవచ్చును. 3 అడుగుల వెడల్పు గల చట్రములో నాలుగు అరలుంచి, అరకు ఆరు చొప్పున 6 అంగుళముల కుండీలను పెట్టినచో మొత్తము 24 కుండీలు పట్టును. ఒక్కొక్క కుండీలో 2 లీటర్ల మట్టి పట్టునని లెక్కించినచో మొత్తము 48 లీటర్లు. తడిసిన మామూలు మట్టి లీటరుకు సుమారు ఒకటిన్నర కిలోలు తూగును. అనగా మట్టి బరువే 72 కిలోలు. ఇంత బరువును గోడకు కొట్టిన నాలుగు మేకులపై మోపరాదు. మట్టిగోడలకు, నాలుగున్నర అంగుళముల ఇటుక అడ్డుగోడలకు ఎంతమాత్రము మోపరాదు.

కాబట్టి బరువు నేలమీద పడునట్లు, తన కాళ్ళపై తాను నిలుచు చట్రమే మేలు. దుకాణములలో సామాను పెట్టుకొను ఇనుప స్లాటెడ్ యాంగిల్ ర్యాకును తుప్పు పట్టకుండ రంగు వేసి వాడవచ్చును. పాత చెక్క నిచ్చెనకు అడ్డుపలకలు వేసికూడ వాడవచ్చును. పైభాగమున మాత్రము ముందుకు పడకుండ గోడకు ఒక కొక్కెముతో కట్టవలెను. చిన్నపిల్లలున్న ఇంట ఈ జాగ్రత్త తప్పనిసరి.

గోడకు, చట్రమునకు మధ్య కనీసము 2 అంగుళముల ఖాళీ వదలవలెను. ఈ ఖాళీలో గాలి ఆడినచో గోడ ఆరును. ఖాళీ లేనిచో మొదట సున్నము పొక్కులుగా లేచును, తరువాత నల్లని బూజు పట్టును. ఉబ్బసము గలవారికి ఈ బూజు హానికరము. స్విచ్‌బోర్డు ఉన్న గోడకు, విద్యుత్ తీగలు పోవు గోడకు తోటను పెట్టరాదు. అడుగు అర క్రింద కారిన నీటిని పట్టుటకు పళ్ళెముంచవలెను.

మట్టి మిశ్రమము

కొబ్బరిపొట్టు, బాగుగా చివికిన పశువుల ఎరువు లేక వానపాముల ఎరువు, వరి ఊకను కాల్చగా వచ్చిన నల్లని ఊకబొగ్గు - ఈ మూడింటిని సమభాగములుగా కలిపిన మిశ్రమము తేలికగా ఉండి నీటిని పట్టి ఉంచును. నల్లరేగడి వాడక తప్పనిచో మొత్తములో నాలుగవ వంతుకు మించరాదు. దానికి సమముగా గరుకు ఇసుక కలపవలెను. వరి మిల్లులు గల ప్రాంతము గనుక ఊక సులభముగా దొరకును. ఊకను తెల్లని బూడిద అగువరకు కాల్చరాదు. నల్లగా ఉండగానే నీరు చల్లి ఆర్పవలెను.

బోధన్ ప్రాంతము చెరకుకు పేరుపొందినది. శక్కర్‌నగరులో 1937లో స్థాపించబడిన నిజాం చక్కెర కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడుటతో పిప్పి, ప్రెస్‌మడ్డి స్థానికముగా దొరకు ఆ ఆధారము పోయినది. చెరకురసము బండ్ల వద్ద లభించు పిప్పిని వాడదలచినవారు దానిని పచ్చిగా కుండీలో వేయరాదు. పచ్చిపిప్పి చివుకునపుడు సూక్ష్మజీవులు మట్టిలోని నత్రజనిని లాగికొనును. మొక్క ఆకులు పసుపుబారును. తీపికి చీమలు కూడ చేరును. పేడతో కలిపి కొన్ని నెలలు కుళ్ళనిచ్చి, తీపి వాసన పోయి నల్లబడిన తరువాతనే వాడవలెను.

మొక్కల ఎంపిక

తక్కువ వెలుతురుకు ఓర్చునవి:
* మనీప్లాంటు (ఎపిప్రెమ్నమ్ ఆరియమ్): పై అరలోనుండి జారునట్లు పెట్టవలెను. అశ్రద్ధకు కూడ ఓర్చును.
* స్నేక్ ప్లాంటు (డ్రసీనా ట్రైఫాసియేటా): వేడికి, పొడిగాలికి తట్టుకొనును. నీరు ఎక్కువైనచో కుళ్ళును.
* సింగోనియమ్, అగ్లోనిమా: ఎండ తగలని ఉత్తరపు కిటికీకి అనుకూలము.

మధ్యస్థ వెలుతురు కావలసినవి:
* స్పైడర్ ప్లాంటు (క్లోరోఫైటమ్ కోమోసమ్): పిల్లమొక్కలు తీగలుగా వ్రేలాడును. మంచి నీరు కావలెను.
* తమలపాకు: నీడను, తేమను ఇష్టపడు తీగ. జాలీపైకి ప్రాకించవచ్చును.
* నెఫ్రోలెపిస్ ఫెర్ను: వానకాలమున బాగుగా పెరుగును, ఏప్రిల్, మే నెలలలో స్నానపుగది కిటికీ వంటి తేమ గల చోటికి మార్చవలెను.

కొన్ని గంటలైనను ఎండ కావలసినవి:
* వామాకు, పుదీనా, కొత్తిమీర, మెంతికూర, బచ్చలి. ఇవి తూర్పు కిటికీ అంచున, వరండాలో మాత్రమే బాగుగా వచ్చును. గది మధ్యలోని గోడకు ఆకుకూరలు పెంచవచ్చునని చెప్పు ప్రకటనలను నమ్మరాదు. దీపములు లేక అవి సన్నగా సాగి వాలిపోవును.

వేడి పైకి చేరును గనుక పై అర త్వరగా ఎండును; పోసిన నీరు క్రిందికి జారును గనుక అడుగు అర తడిగా ఉండును. అందువలన స్నేక్ ప్లాంటు, మనీప్లాంటు వంటివాటిని పైన, తమలపాకు, ఫెర్ను వంటివాటిని క్రింద ఉంచుట ఉచితము.

నీరు, ఎరువు

వ్రేలును ఒక అంగుళము లోతు మట్టిలో గుచ్చి, పొడిగా ఉన్నప్పుడే నీరు పోయవలెను. పైన చెప్పిన 24 కుండీల తోటకు వేసవిలో కుండీకి 200 మిల్లీలీటర్ల చొప్పున రోజుకు సుమారు 5 లీటర్లు కావలెను. వానకాలమున వారమునకు రెండుసార్లు పోసినను చాలును. పంకా గాలి నేరుగా తగులు కుండీలు రెట్టింపు వేగముతో ఎండును.

స్పైడర్ ప్లాంటు, డ్రసీనా జాతి మొక్కలు ఫ్లోరైడుకు సున్నితమైనవి; వాటి ఆకుల కొనలు గోధుమరంగుకు మారి ఎండును. దీనిని తెగులుగా భావించి మందులు కొట్టుట వృథా. నీరు మార్చుటయే మార్గము. ఇంటిలో లభించు నీటి రకముల తారతమ్యము ఇట్లున్నది:

* వాననీరు, ఏసీ గొట్టమునుండి కారు నీరు: లవణములు అతిస్వల్పము. సున్నితమైన మొక్కలకు ఉత్తమము.
* శుద్ధిచేసిన నదీజలములైన మిషన్ భగీరథ నల్లా నీరు: సాధారణముగా అనుకూలము.
* బియ్యము కడిగిన నీరు: ఉప్పు కలపనిచో పోయవచ్చును.
* బోరు నీరు: కుండీ అంచున తెల్లని పొర కట్టినచో లవణములు ఎక్కువని తెలియును. నెలకొకమారు కుండీని బయటకు తీసి మంచినీరు ధారాళముగా పోసి కడగవలెను.
* ఆర్వో యంత్రము వదలు నీరు, కూలరులో మిగిలిన నీరు: లవణములు గాఢమై ఉండును గనుక తగవు.

పంపుతో నడుచు ఫెల్ట్ గోడలకు రోజుకు పలుమార్లు నీరు కావలెను. మట్టి లేనందున తడి నిలువయుండదు. మే నెలలో విద్యుత్తు లేక పంపు ఒక పూట ఆగినను మొక్కలు వాడును. ఇంటిలో ఎవరును లేక ఊరికి పోయినపుడు నష్టము మరింత ఎక్కువ. బోరు నీటి సున్నము సన్నని రంధ్రములను మూసివేయును. ఈ కారణములచేత ఇట్టి గ్రామములలోని సామాన్య గృహములకు కుండీల చట్రమే తగినది.

ఎరువు విషయమున మితము పాటించవలెను. వానపాముల ఎరువును నీటిలో నానబెట్టి వడకట్టిన ద్రావణమును పెరుగుదల ఉన్న నెలలలో 15, 20 రోజులకొకమారు పోసిన చాలును. తక్కువ వెలుతురులో ఎక్కువ ఎరువు వేసినచో మొక్క బలపడదు. లవణములు పేరుకొని వేళ్ళు దెబ్బతినును.

చీడపీడలు, ఆరోగ్య జాగ్రత్తలు

ఇంటిలోపల పొడిగాలికి ఎర్రనల్లి, గాలి ఆడనిచోట పిండినల్లి పట్టును. ఆరంభములోనే తడిగుడ్డతో ఆకుల అడుగుభాగమును తుడిచినచో చాలవరకు పోవును. మిగిలినచో లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొన్ని చుక్కల సబ్బునీరు కలిపి ఆరుబయట పిచికారి చేయవలెను. గదిలో కృత్రిమ పురుగుమందులు కొట్టరాదు.

డెంగీ వ్యాధిని వ్యాపింపజేయు ఈడిస్ దోమ నిలిచిన మంచినీటిలో గ్రుడ్లు పెట్టును. గ్రుడ్డు దోమగా మారుటకు సుమారు 7 నుండి 10 రోజులు పట్టును. కాబట్టి కుండీల క్రింది పళ్ళెములను, మనీప్లాంటు సీసాలను వారమునకొకమారు తప్పక ఖాళీ చేసి, లోపలి గోడలు రుద్ది కడగవలెను. నీరు పారబోసినంతమాత్రమున చాలదు. గ్రుడ్లు గోడకు అంటియుండును.

మనీప్లాంటు, సింగోనియమ్, అగ్లోనిమా, డైఫెన్‌బాకియా మొక్కలలో కాల్షియమ్ ఆక్సలేట్ సూదులవంటి స్ఫటికములుగా ఉండును. నమిలినచో నోరు, నాలుక మండి వాచును. ప్రాకు వయస్సు పిల్లలున్న ఇంట వీటిని అందని ఎత్తున ఉంచవలెను; డైఫెన్‌బాకియాను పెంచకుండుటయే మంచిది.

గాలి శుద్ధి: ప్రచారము, వాస్తవము

ఇంటిలోని మొక్కలు విషవాయువులను పీల్చి గాలిని శుద్ధి చేయునను ప్రచారము 1989లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా తరఫున వాల్వర్టన్ బృందము చేసిన పరిశోధన నుండి వ్యాపించినది. ఆ ప్రయోగములు మూసివేసిన చిన్న గాజుపెట్టెలవంటి గదులలో జరిగినవి. 2019లో అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయమునకు చెందిన కమ్మింగ్స్, వేరింగ్ అను పరిశోధకులు అట్టి అనేక ప్రయోగముల ఫలితములను తిరిగి లెక్కించిరి. భవనములలో సహజముగా గాలి మారుటవలన కలుగు శుద్ధికి సమానమైన ఫలితము పొందుటకు నేల వైశాల్యములో చదరపు మీటరుకు 10 నుండి 1000 మొక్కలు కావలెనని వారు తేల్చిరి.

10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు గల గది వైశాల్యము సుమారు 11 చదరపు మీటర్లు. తక్కువ లెక్క ప్రకారమైనను ఆ గదికి 110 మొక్కలు కావలెను. 24 కుండీల తోట అందులో నాలుగవ వంతైనను కాదు. వంటపొగకు, దోమల బత్తి పొగకు, క్రొత్త రంగుల వాసనకు కిటికీ తెరచుటయే పరిష్కారము. మొక్కలున్నవని కిటికీలు మూసియుంచుట ఆరోగ్యమునకు హాని.

రాత్రివేళ మొక్కలు ప్రాణవాయువును లాగికొని నిద్రించువారికి హాని చేయునను భయము కూడ నిరాధారమే. కొన్ని కుండీల మొక్కలు రాత్రి విడుచు బొగ్గుపులుసు వాయువు ఒక మనిషి విడుచుదానితో పోల్చగా అత్యల్పము.

ప్రయోజనములు, పరిమితులు

పెరడు లేని ఇంట పచ్చదనము కంటికి, మనస్సుకు హాయి కలిగించును. వృద్ధులకు వంగి త్రవ్వు శ్రమ లేకుండ, నిలుచుండియే చేయదగిన వ్యాపకము. పిల్లలకు వేరు, కాండము, ఆకు పనులను ప్రత్యక్షముగా చూపుటకు బడులలో వరండా గోడకు ఇట్టి చట్రమును ఏర్పరచవచ్చును. వంటకు కొద్దిపాటి పుదీనా, వామాకు చేతికందును. అయితే ఇంటికి కావలసిన కూరగాయలన్నియు దీనినుండి ఆశించరాదు. గది చల్లబడుట కూడ స్వల్పమే.

క్రొత్తగా ఆరంభించువారు ఒకేసారి గోడంతయు నింపక, ఒక అరలో ఆరు కుండీలతో మొదలుపెట్టవలెను. వానకాలము ముగియుచుండగా, సెప్టెంబరు లేక అక్టోబరులో నాటినచో వేసవి వచ్చులోపల వేళ్ళు నిలదొక్కుకొనును. ఆ ఆరు మొక్కలు ఒక మే నెలను దాటినచో ఆ గోడ తోటకు తగినదని నిర్ధారించుకొని, మిగిలిన అరలను నింపవచ్చును.